పైకొచ్చిన సప్పుడు

ఆపుమన్ననాడు ఆపకపోతివి. ఇప్పుడెవలు ఆపుమన్నరు నిన్ను? ఆఁ? ఎవలు ఆపుమన్నరు?

లేవకు. కూసో. ఆ గంటె పక్కకు పెట్టు, నీ బిర్యానీ ఎటూ పోదు. నేను కొట్లాటకు రాలే భూపాలూ. కొట్లాటకొస్తె ఇట్ల కుర్చీల కూసుంటనా? చౌరస్తల నిలబడి నోరు తెరిస్తె షిఫ్టు బస్సులాగుతయ్. అది నీకూ తెలుసు.

సోడ వద్దు. పోయినసారి తాగిన నీ సోడ. దాని రుచి ఇంక నోట్లెనే ఉన్నది.

గుర్తుపట్టినవ్ గదా నన్ను? పట్టినవ్ తియ్యి, మొఖం అట్ల తెల్లవడ్డది. సమ్మవ్వను. పోశం పెండ్లాన్ని. వీరేందర్‌ను కన్న అవ్వను.

మొన్నటిసంది నీ మెసేజ్ వస్తలేదు. మొన్న రాలె. నిన్న రాలె. ఇయ్యాల గూడ షిఫ్టు సైరన్ కూతేసింది, రాలె. మా ముసలాయిన మొన్నటిసంది నోట్లె మెతుకు పెట్టలె. మంచంల తల తిప్పి ఫోన్ దిక్కే ఇంటున్నడు. "పోరడు ఇంక పైకి రాలేదానే?" అంటడు. ఎడుమ దిక్కు తిరుగుతడు, మళ్ల అంటడు. నేనేం చెప్పాలె? నువ్వే చెప్పు, ఏం చెప్పాలె?

ఏందీ?

ఓ, తెలిసిందా నీకు. తెలిసి నంబర్ తీసేసినవా. భయమైందా, జాలైందా? రెండూ ఒకటేలే నీ అసొంటోళ్లకు. నీకు సగం తెలిసింది బిడ్డా. సగం తెలిసినోడు ఏం తెల్వనోనికంటె పాడు. అందుకే వచ్చిన. మొత్తం ఇను.

మా ముసలాయిన బొగ్గుబాయిల ఏం పని చేసిండో ఎరుకేనా? కప్పు చూసే పని. ఇనుప సలాక పట్టుకొని, ముంగట ముంగట పైన కొట్టుకుంట పోతడు. ఖంగుమంటె రాయి గట్టిగున్నట్టు. బొద్దుమంటె డొల్లయిందన్నట్టు, ఎనుకకు జరగాలె. సప్పుడు ఇని తాను బతికిండు, ఎనుకున్న జనాన్ని బతికించిండు. ఇప్పుడు కండ్ల ముంగట మబ్బు, పెయిల దమ్ము లేదు. నాలుగు మాటలు మాట్లాడితె ఐదోదానికి దగ్గుతడు. చెవులు మాత్రం చెడలె. పిల్లి గోడ దిగితె ఎవలింటి పిల్లో చెప్తడు.

ఆయన బాయిల దిగిన దినాలల్ల ఆయన ఇల్లు చేరేదాంక నేను బుక్క ముట్టకపోదును. మా అత్త పెట్టిన కాయిదా అది. కిందికి పోయినోడు పైకి రాకముందే పైనున్నోళ్లు తింటె ఆ బుక్క అరగదని. కొడుకు బాయిల చేరినంక ఆ కాయిదా ముసలాయిన మీదేసుకున్నడు. నాకేం చెప్పలె. ఒకనాడు పళ్లెం జరిపి, "వాడు రానీ" అన్నడు. అంతే.

వీరేందర్ ఇంటికొచ్చుడు ఒక్కొక్కనాడు ఆలస్యమైతది. దోస్తులుంటరు, చాయ్ ఉంటది. ముసలాయిన గోలీలు తిన్న కడుపు, అంతసేపు ఆగొద్దన్నడు డాక్టర్. అందుకని పోరడే ఉపాయం చెప్పిండు. పైకి రాంగనె, మొఖం గూడ కడగక ముందే, తలకాయకు కట్టుకున్న లైటు అప్పజెప్పి, ఒక మెసేజ్ నొక్కుతనన్నడు. "ఫోన్ చెయ్యరాదుర" అంటె, "ఫోన్ చేస్తె నువ్వు కూర ముచ్చట కాడికెల్లి కుక్క ముచ్చట దాంక పెడ్తవే అవ్వా, నా ఎనుక లైన్ల ఉన్నోళ్లు తిడ్తరు" అనెటోడు.

మాది బటన్ల ఫోను. ఎవలి మెసేజ్ వచ్చినా ఒకటే సప్పుడు. టింగుమంటది. అండ్ల ఏం రాసి ఉంటదో మా ఇద్దరికీ చదువరాదు. చదివేదేమున్నది? టింగుమన్నదంటె పోరడు భూమ్మీదికొచ్చిండు. ముసలాయిన చెయ్యి చాపుతడు, నేను పళ్లెం పెడ్త.

వేరె మెసేజ్‌లు రావా అంటవ్. ఎందుకు రావు! రీచార్జిలని పొద్దుగాల వస్తయ్, లోన్లని మాపటికి వస్తయ్. వాటితోని మాకు ఫికర్ లేదు. షిఫ్టు కూతేసిన ఎనుక వచ్చేదే మాది. ఆ యాల్లకు ఇంకెవ్వలూ పంపరు.

నువ్వు తప్ప.

నీకు తెలివున్నది, కాదన. షిఫ్టు దిగినోడు ఆకలి మీదుంటడు. ఫోన్ చేతులకు తీస్తడు. సరీగ గప్పుడే కండ్ల ముంగట నీ బిర్యానీ కనవడాలె. మంచి తెలివే. బాయి తొవ్వల దుకాణం పెట్టినోనికి ఆ మాత్రం ఉండాలె.

ఎవలో వచ్చిర్రు చూడు. ఫ్యామిలీ ప్యాక్ అట. ఇచ్చి రా పో. నేనెటూ పోను.

...ఇచ్చినవా. నిమ్మకాయ ముక్క మరిచినవ్. కూసో.

నంబర్ ఎవలిచ్చిర్రు నీకు? నేనే ఇచ్చిన. మనుమరాలి పుట్టినరోజుకు ఈడికొచ్చి బిర్యానీ కట్టించుకున్న. చిన్న కాయితం ఇచ్చి, "నంబర్ రాయవ్వా, డ్రా తీస్తం, మిక్సీ వస్తది" అంటివి. పక్కన నిలబడ్డాయన "తే, నేను రాస్త" అన్నడు. నేనియ్యలె. అక్షరాలు రాకపోతె ఏంది, అంకెలొస్తయ్ నాకు. ఒక్కటి వంకర పోకుంట నేనే రాసిన.

వంకర పోతె బాగుండు.

ఆ వారమే మొదలైంది. కూతేసింది, టింగుమన్నది, ముసలాయిన తింటున్నడు. సగం బుక్కల మళ్ల టింగుమన్నది. "రెండుసార్లు పైకొచ్చిండానే వీడు?" అని నవ్విండు. నవ్వితె దగ్గొస్తది ఆయనకు, అయినా నవ్విండు. మా కోడలు శోభ బడిల ఆయా పనికి పోతది, మాపటికి ఇంటికొచ్చి చదివింది. "షిఫ్టు దిగిన అన్నలకు వేడి వేడి దమ్ బిర్యానీ, కూల్‌డ్రింక్ ఫ్రీ." మొదటిది నీది. రెండోది నా కొడుకుది. అంటె ముసలాయిన మొదటి బుక్క పెట్టుకున్నప్పుడు పోరడు ఇంక కిందనే ఉన్నడు.

తెల్లారి నీ దగ్గరికొచ్చిన. యాదికున్నదా? ఏమన్నవ్? "నేను పంపుతలేనవ్వా, కంప్యూటర్ పంపుతది" అన్నవ్. కంప్యూటర్ బిర్యానీ వండుతదా అన్న నేను. ఈడున్నోళ్లంత నవ్విర్రు. నువ్వు గూడ నవ్వినవ్. స్టాప్ అని కొట్టి పంపితె ఆగుతదంటివి. శోభ కొట్టింది. ఆగింది. కొన్నొద్దులాగి ఇంకో పేరు మీద మొదలైంది. అదే బిర్యానీ, అదే యాల్ల.

అప్పటిసంది ముసలాయిన ఇంకో లెక్క పెట్టుకున్నడు. రెండు సప్పుళ్లు రావాలె, గప్పుడే తింటడు. ఒకటి బిర్యానోనిది, ఒకటి మనోనిది. ఆయన ఇంట్ల నీ పేరు అదే, బిర్యానోడు. తిట్టలె నిన్ను. "వాని బతుకుదెరువు వాంది" అన్నడు. నేను తిట్టిన. ఇద్దరి వంతు నేనే తిట్టిన.

రెండోసారి శోభను తీసుకొని వచ్చిన. ఆ రోజు నువ్వేం చేసినవో నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?

ఆగు. నేనే చెప్త. గిరాకి మస్తుగున్నది. ఫోన్ తీసినవ్. బొటనవేలు ఇట్ల, ఇట్ల ఆడిచ్చినవ్. "అయిపోయిందవ్వా, తీసేసిన. నా పిల్లల మీదొట్టు, ఇగ రాదు" అన్నవ్. సోడ కొట్టిచ్చినవ్. నేను తాగిన. నీ వేలు దేని మీద ఆడిందో నాకు తెల్వదు. నాకు చదువరాదు గదా. నువ్వు ఒట్టు పెట్టుకున్నవ్, నేను నమ్మిన. మా ఇండ్లల్ల ఒట్టంటె ఒట్టే.

ఇంటికి పోయి ముసలాయినకు చెప్పిన. "ఇగ ఒకటే సప్పుడొస్తది. వచ్చిందంటె మన పోరందే. రెండోదానికోసం ఆగకు" అని. నా నోటితోనే చెప్పిన.

కొన్నొద్దులు ఒకటే వచ్చింది. పోరందే. మంచిగనే ఉండె.

నాకు ఇంకో అలవాటు ఉండె భూపాలూ. అది నీకు తెల్వదు. సప్పుడు ఆలస్యమైతె నేను ఇంట్ల కూసోను. చెప్పులేసుకొని బాయి గేటు కాడికి పోత. లింగమూర్తి ఎరుకే గదా, లైట్లు అందుకునే ఆయన. పైకొచ్చినోడు లైటు అప్పజెప్పాలె. లైటు రాకపోతె మనిషి ఇంక కిందున్నట్టు. "లింగమూర్తీ, మా వాని లైటొచ్చిందా?" అంట. ఆయనకు నా మొఖం చూస్తెనే పరేషాన్. రాకపోతె ఫోన్ తిప్పి కిందికి అడిగేదాంక వదలకపోదును. "ఆఫీసర్లకంటె నీతోనే భయమవ్వా" అనెటోడు.

ఆనాడు ఫస్ట్ షిఫ్టు కూతేసింది. ఇంత ఎనుకకు టింగుమన్నది. ఒకటే. ముసలాయిన చెయ్యి చాపిండు. నేను పళ్లెం పెట్టిన. సొరకాయ కూర. ఆయన తిన్నంక నేను తిన్న. గిన్నెలు తోమిన. చాటల బియ్యం పోసుకొని రాళ్లేరుకుంట కూసున్న. గాలి మంచిగొస్తున్నది. నిద్ర పట్టింది నాకు.

ఆ యాల్లకు నా కొడుకు కింద ఒక్కడే ఉన్నడు. మరిచిన సామాను ఏందో తెచ్చుకుందామని ఎనుకకు పోయిండట. పక్కగోడ జారి కాళ్ల మీద పడ్డది. పెయి మీద గాయం లేదు, మొఖం మీద గీత గూడ లేదు. కాళ్లు మాత్రం కిందున్నయ్, నెత్తురు పోతున్నది. తోటోళ్లు వాడు ముందుగాల పైకి పోయిండనుకున్నరు.

లింగమూర్తి చూసిండట, ఒక లైటు రాలేదని. ఓవర్‌టైం అనుకున్నడట. దవాఖానల నా కాళ్లు పట్టుకొని ఏడ్సుకుంట ఏమన్నడో తెలుసా? "నువ్వు రాలే గదవ్వా. నువ్వు గేటు కాడికి రాలేదంటె అంత మంచిగున్నట్టే అనుకున్న" అన్నడు.

నేను ఆనాడు చెప్పులేసుకోలె. ఎందుకేసుకుంట? సప్పుడొచ్చె గదా!

సెకండ్ షిఫ్టోళ్లు చూసిర్రు. అప్పటికి పొద్దు గూకవట్టె. ఊపిరి ఉండెనట. దవాఖాన గేటు దాటేదాంక ఉండెనట. జర ముందుగాల తెస్తె కాళ్లు పోయినా పానం దక్కునన్నడు డాక్టర్. మంచోడు, పడుచోడు, నిజం దాయబుద్ధి కాలె ఆయనకు. దాస్తె బాగుండు.

శోభ మాపటికి నా ఫోన్ తీసి చదివింది. వేడి వేడి దమ్ బిర్యానీ.

ఏడువకు. నీ ఏడుపు నాకేం అక్కరకొస్తది? మొఖం తుడుసుకో. గిరాకి చూస్తది.

బాయిల ఎవలి తప్పెంతో వాళ్లు విచారణ చేసుకుంటున్నరు. చేసుకోనీ. వాళ్లు నాకు మాటియ్యలె. నువ్విచ్చినవ్. ఈ గల్ల పెట్టె ముంగటనే ఇచ్చినవ్.

ఇగ ముసలాయిన ముచ్చట. అది ఇను, దానికే వచ్చిన.

డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, ఈ కబురు ఆయన చెవిల వడితె ఆ దమ్ముకు తట్టుకోడన్నడు. పీనుగను ఇంటికి తేనియ్యలె నేను. దవాఖానకెల్లి సీదా గోదారి ఒడ్డుకు పోనిచ్చిన. కన్నతండ్రికి కడసూపు లేకుంట చేసిన. కులపోళ్లు అన్నరు, చుట్టాలన్నరు. అననీ. ఎవలెవలు ఏమన్నరో అంత నా కడుపులున్నది. శోభను, మనుమరాలిని వాళ్ల తల్లిగారింటికి పంపిన, దాని ఏడుపు ఆయన చెవిల పడొద్దని. వాడకట్టుల ఇంటింటికి పోయి చెప్పిన, నోరు జారినోళ్ల ఇంటి ముంగట కూసుంటనని. ఎవలూ జారలె.

చెప్పుదామనే అనుకున్న భూపాలూ. మెల్లగ, దినం చూసి. మూడోనాడు, దవాఖానల బందైన ఫోన్ మళ్ల చార్జింగ్ పెట్టి, మంచం మీద కూసున్న. ఆయన చెయ్యి పట్టుకున్న. నోరు తెరిచిన.

టింగుమన్నది.

ఆయన చెయ్యి నా చేతులకెల్లి గుంజుకున్నడు. "వచ్చిండు. పెట్టు" అన్నడు. కండ్లల్ల నీళ్లు ఆయనకు. "మూడొద్దులాయె, ఎందుకు రాలే సప్పుడు?" అన్నడు. నేను, "గోలేటి బాయికి బదిలీ అయ్యిండయ్యా. ఆడ క్వార్టర్ ఇచ్చిర్రు. శోభను, పిల్లను తీసుకపోయిండు. సామాన్లు సదురుకునుడుల ఉన్నడు" అన్న. ఎట్లొచ్చిందో నోట్లకు. ఆయన తలకాయ ఊపిండు. తిన్నడు. మళ్ల పెట్టిచ్చుకొని తిన్నడు.

అబద్ధం నేనాడలె. నీ మెసేజ్ ఆడింది. నేను ఊఁ అన్న.

అప్పటిసంది రోజు నువ్వే వస్తున్నవ్. కూత ఎనుక నువ్వు, నీ ఎనుక పళ్లెం. నా కొడుకును తిన్న సప్పుడు నా మొగనికి తిండి పెడ్తున్నది. నవ్వొస్తలేదా? నాకు ఒక్కొక్కనాడు వస్తది. ఒకనాడైతె ఆ సప్పుడు ఇని లేచి పోయి బకెట్ల ఏడినీళ్లు తోడిన, పోరడు బొగ్గు మొఖంతోని వస్తడని. తోడినంక యాదికొచ్చింది.

ఇప్పుడు నువ్వొచ్చి, పాపమని, నంబర్ తీసేసినవ్! ఆపుమని రెండుసార్లు నీ గడపకొస్తె కాని పని, అడగకముందే అయిపాయె. ఎంత అల్కగైంది చూసినవా? వేలుతోని ఒక్కటి నొక్కితె అయిపాయెనా? ఆనాడు ఆ వేలుకు ఏమైంది?

వేరె ఎవలితోనైన పంపిచ్చుకొమ్మంటవా. శోభను అడిగిన. పక్కింటోళ్ల ఫోన్ల అడిగిన. "చచ్చినోని పేరు మీద నేను పంపనత్తా, నాతోని కాదు" అని పెట్టేసింది. తప్పు లేదు దానిది. వాడకట్టోళ్లను అడుగుతె ఒకనాడు పంపుతరు, రెండోనాడు మరుస్తరు, మూడోనాడు నా ముంగట పెద్దరికం చేస్తరు. నేనొకల దగ్గర చెయ్యి చాపిన దాన్ని కాదు. నీ కంప్యూటర్ మరువదు. పండుగకు గూడ మరువదు. నీ దగ్గర చెయ్యి చాపుడు గూడ కాదిది. ఇది నీ మీదున్నది.

పైసలు తియ్యకు. లోపట పెట్టు. పెట్టు! గల్ల పెట్టె మూయి.

పార్శిల్ ఎందుకు కడ్తున్నవ్? నీ మెతుకు నా ఇంటికొస్తదనుకున్నవా?

ఫోన్ తియ్యి. తీసిన అంకెలు మళ్ల పెట్టు. చెప్పాల్నా, ఉన్నయా? ఉంటయ్. నీ దగ్గర ఏదీ పోదని నాకెరుకే. మా ఫోన్ ఆయన తలాపున పెట్టొచ్చిన. పళ్లెంల అన్నం పెట్టి, మూత పెట్టి, ఆయన చెయ్యి దాని మీద పెట్టి వచ్చిన. "సప్పుడొస్తె తిను, నేను దుకాణం దాంక పోయొస్త" అని చెప్పిన. షిఫ్టు దిగి ఇంతసేపాయె, ఏం కాదు, ఓవర్‌టైం అనుకుంటడు.

నొక్కు.

పోయిందా? నిజంగ పోయిందా? ఒట్టు పెట్టకు, నీ ఒట్లు నాకొద్దు. ఇటు చూపియ్యి. ఆ పచ్చ గుర్తేంది? పోయినట్టేనా? ...సరె.

తింటున్నడేమో ఇప్పుడు.

ఇగ రోజు ఇదే యాల్లకు. నాగా పెట్టకు. కరెంటు పోయిందని, నెట్ లేదని, పెండ్లికి పోయిన్నని చెప్పకు. ఒక్కనాడు రాకపోతె మళ్ల వస్త, గిట్లనే కూసుంట.

అట్ల దండం పెడ్తున్నవేంది? మాఫ్ చేసిన్ననుకున్నవా? మా ఆడిబిడ్డ వాళ్ల ఇంట్ల పెండ్లికి పోతె నాకు ముక్క లేకుంట ఉత్త పులుసు పోసింది. నలుగురి ముంగట. అప్పుడు నా నెత్తి మీద ఒక్క తెల్ల ఎంటిక లేదు. దాని గడప మళ్ల తొక్కలె. అది సచ్చిననాడు పోయిన. ఏడ్వలె. నిజంగ సచ్చిందా లేదా చూసొచ్చిన. పులుసుకే అట్లున్న దాన్ని.

ముసలాయిన ఎన్నొద్దులుంటడో డాక్టర్ చెప్పలె. ఉన్నన్నొద్దులు నువ్వు నాకు కావాలె. నీ దుకాణం నడవాలె, నీ ఫోన్ నడవాలె, నీ పానం మంచిగుండాలె. పొద్దుగాల దీపం ముట్టిచ్చి మొదలు నీకోసమే మొక్కుతున్న, నీకు జ్వరం గూడ రావొద్దని. అబద్ధం కాదు.

ఆయన పోయిననాడు ఆపుమని నేనే వచ్చి చెప్త. ఆనాడు గిరాకినంత ఎల్లగొట్టు. షటర్ గుంజు. గప్పుడు మాట్లాడుకుందం, నువ్వూ నేనూ.

అప్పటిదాంక సల్లగుండు బిడ్డా.